దఫ్నిని చీకట్లో వేలాడదీయి

పిరెయాస్ రేవు,
జూన్ 11, 1984

అసిమీనా అత్త చేతిని ముద్దాడి, మేనల్లుడు జఫిరిస్ రాసుకుంటున్న ఉత్తరం.

ఇక్కడ మేమందరం క్షేమం అని రాయాలి కాబట్టి రాశాను. నిజానికి క్షేమమేమీ లేదు. మా కొట్లో మాంసం కాల్చే మాంథోస్ గుర్తున్నాడా, మా పెళ్ళి డాన్సులో నీ కాలు తొక్కి తిట్లు తిన్నవాడు? వాడు నన్నొదిలేసి ఎదురుగానే సొంత కొట్టు పెట్టుకున్నాడు. పెట్టుకుంటే పెట్టుకున్నాడు, మాంసానికి పట్టించే పొడి ఎలా చేస్తాడో మాత్రం నాకు చెప్పకుండా పోయాడు.

నేను ఉప్పూ మిరియాలూ చల్లి కాల్చి ఇస్తున్నాను. రేవులో క్రేను నడిపే స్ట్రాటోస్ మామ రోజూ మా దగ్గరే తినేవాడు. మొన్న ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఒరేయ్, ఇది పంది మాంసమా, పడవ కట్టే తాడా?" అన్నాడు. అనేసి ఎదురు కొట్టుకి పోయాడు. ఆయన వెనకాలే ఇంకో బల్ల కూడా లేచిపోయింది.

నీ పొడి చల్లితే పాత చెప్పు కూడా రుచిగా ఉంటుందని నాన్న అనేవాడు. ఏవేవి వేయాలో, ఎన్నెన్ని గ్రాములో వరసగా రాసి పంపించు. ఫోను చేద్దామంటే మీ ఊళ్ళో ఉన్న ఒక్క ఫోనూ కాఫీ కొట్లో ఉంది, ఊరంతా చెవులొగ్గి వింటుందని నువ్వు మాట్లాడవు.

గల్లా దగ్గర కూర్చున్న మా ఆవిడ దఫ్ని నిన్ను అడిగానని రాయమంది.

నీ
జఫిరిస్

తా.క. త్వరగా రాయి అత్తా. మాంథోస్ గాడు ఎదురుగా నిలబడి నాకు చెయ్యి ఊపుతున్నాడు.

*

కాలోవాతో, నాక్సోస్ దీవి,
జూన్ 19

మేనల్లుడు జఫిరిస్‌ను అసిమీనా అత్త దీవించి రాయునది. మరియమాత నిన్ను చల్లగా చూడాలి, వీలైతే కాస్త బుద్ధి కూడా ఇవ్వాలి.

గ్రాములట! మా అమ్మ నాకు గ్రాముల్లో నేర్పిందిట్రా?

అన్నిటికంటే ఒరెగానో ముఖ్యం. మీ సంతలో అమ్మే గడ్డి కాదు. కొండ మీద రాళ్ళ సందుల్లో, నీళ్ళు దొరక్క ఏడ్చిన మొక్క కావాలి. పూత మీద ఉండగా కోయాలి. ఒక కట్ట పడవ మీద పంపిస్తున్నాను. అది చారెడు వేస్తే థైమ్ అందులో సగానికి తక్కువ. ఎండు పుదీనా చిటికెడు. వెల్లుల్లి సన్నగా తరిగి ఎండబెట్టింది కొంచెం. నిమ్మతొక్క పైన పసుపు వరకే గీకు, తెల్లది తగిలిందా, చేదు. మిరియాలు. ఉప్పు తగినంత.

ఇక దఫ్ని సంగతి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. దఫ్నిని తాడుతో గట్టిగా కట్టి, చీకటి గదిలో తలకిందులుగా వేలాడదీయి. గాలి తగలాలి, వెలుతురు తగలకూడదు. పెళపెళలాడేదాకా దించకు. తరవాత నరాలు లాగేసి రోట్లో వేసి దంచు. దఫ్ని మరీ ఎక్కువైతే అంతా చేదే. నన్నడిగితే దఫ్ని లేకపోయినా బతకొచ్చు, మీ అమ్మే దఫ్ని ఉండాల్సిందేనని పట్టుబట్టేది. ముదిరిన దఫ్ని మాత్రం వద్దు. నీ దగ్గర ఉన్నది ముదిరిందే అయ్యుంటుంది. అది పారేసి లేతది తెచ్చుకో.

ఇట్లు
అసిమీనా అత్త

తా.క. ఇంట్లో రోలు లేదంటావేమో! రోలు లేని ఇంట్లో నీ పెళ్ళాం ఎలా కాపరం చేస్తోందిరా? అమ్మాయిని అడిగానని చెప్పు.

*

పిరెయాస్,
జూన్ 27

అత్తకి, జఫిరిస్.

ఈసారి చెయ్యి ముద్దాడే ఓపిక నాకు లేదు.

నీ ఉత్తరం మిట్టమధ్యాహ్నం, కొట్లో జనం ఉన్నప్పుడు వచ్చింది. స్ట్రాటోస్ మామ కూడా ఉన్నాడు, ఎదురు కొట్లో తినేసి మా దగ్గర నీళ్ళు తాగడానికి వచ్చాడు. నా చేతులు నూనె జిడ్డు. "నువ్వే చదువు దఫ్నీ, గట్టిగా చదువు" అన్నాను. నా నోరు పడిపోను! ఆవిడ గల్లా దగ్గర లేచి నిలబడి, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు ఒక్కో మాటా వత్తి వత్తి చదివింది.

తలకిందులుగా వేలాడదీయడం దాకా వచ్చేసరికి స్ట్రాటోస్ మామ కప్పు వైపు చూసి, "అంత బరువు ఆపే కొక్కెం నీ కొట్లో లేదురా, క్రేను తెమ్మంటావా?" అన్నాడు. ముదిరిన దఫ్ని దగ్గరకొచ్చేసరికి ఫోర్కుల చప్పుడు కూడా ఆగిపోయింది.

"నాకింకా ముప్పై నాలుగే" అంది దఫ్ని. నాతో కాదు, జనంతో.

"ఆవిడ రాసింది ఆకు గురించే! పప్పులో వేసే దఫ్ని ఆకు!" అని అరిచాను.

"ఆకు అన్న మాట ఇందులో ఎక్కడుందో చూపించు" అని కాగితం నా మొహాన పెట్టింది.

వెతికాను అత్తా. ముందూ వెనకా తిప్పి వెతికాను. లేదు! అంత పొడుగు ఉత్తరంలో ఒక్కచోట 'ఆకు' అని రాస్తే నీ సిరా తరిగిపోయేదా? ఒక చెట్టుకీ ఒక ఆడపిల్లకీ ఒకే పేరు పెట్టిన మన పెద్దవాళ్ళు కనిపిస్తే వాళ్ళతోనూ తేల్చుకోవాలని ఉంది.

దఫ్ని వెనక గదిలోకి పోయి తలుపేసుకుంది. సందులోంచి చూస్తే అటు తిరిగి కూర్చుని ఉంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నా గుండె తరుక్కుపోయింది. అప్పట్నుంచీ నాతో మాట్లాడ్డం లేదు. ఏదైనా చెప్పాలంటే తినడానికొచ్చినవాళ్ళతో చెప్పి పంపిస్తోంది.

నువ్వు ఆవిడకి నాలుగు మంచి మాటలు రాయి. నీకు దండం పెడతాను.

జఫిరిస్

తా.క. చారెడు అంటే ఎవరి చెయ్యి? నాదా, నీదా?

*

కాలోవాతో,
జూలై 4

ఓరి తెలివితక్కువ సన్నాసీ,

పొడిలో దఫ్ని వెయ్యమంటే పెళ్ళాన్ని వేస్తారా ఎక్కడైనా? ఇన్నేళ్ళుగా ఇంతమందికి ఈ పొడి చెప్పాను, ఒక్క మొగుడూ ఇలా అడగలేదు. చెయ్యంటే నా చెయ్యే. నీది మీ నాన్న చెయ్యి, పార.

కింద రాసింది అమ్మాయికి ఇవ్వు.

"అమ్మాయీ దఫ్నీ, నేను రాసింది నీ గురించి కాదు. ఆ దఫ్ని వేరు, నువ్వు వేరు. ఆ దఫ్ని వంటకి పనికొస్తుంది. ఎన్నాళ్ళున్నా దాని వాసన పోదు, ఎవరింట్లో వేసినా నలుగురూ మెచ్చుకుంటారు. నిన్ను దానితో పోల్చేంత వెర్రిదాన్ని కాదు. మనసులో ఏమీ పెట్టుకోకు."

ఇంతకంటే మర్యాదగా రాయడం నాకు చేతకాదు.

అసిమీనా అత్త

తా.క. పొడిలో వసిలికో వేస్తావేమో, వెయ్యకు. ఆ మొక్క శిలువ పండగకి చర్చిలో పెట్టడానికి. మాంసం మీద చల్లితే దేవుడూ మెచ్చడు, మనిషీ మెచ్చడు.

*

పిరెయాస్,
జూలై 13

అత్తా,

నీ మంచి మాటలు ఇచ్చాను. చదివింది. "ఆ దఫ్ని వంటకి పనికొస్తుందట. విన్నారా?" అని కొట్లో అందరికీ చూపించింది. స్ట్రాటోస్ మామ టోపీ తీసి గుండెలకానించుకుని నా వైపు జాలిగా చూశాడు. నువ్వు ఇంకెప్పుడూ ఎవరికీ క్షమాపణ రాయకు. శత్రువులకి తప్ప.

ఇక పొడి సంగతి విను. మా ఇంట్లో చీకటి గది ఒక్కటే. అందులో ఇప్పుడు దఫ్ని లోపల గడియ పెట్టుకుని పడుకుంటోంది. అందుకని నువ్వు పంపిన కట్ట విప్పి డాబా మీద దుప్పటి పరిచి ఆరబోశాను. ఉత్తరపు గాలి లేచింది. కిందికొచ్చి బరువుకి రాళ్ళు తీసుకుని పైకి వెళ్ళేసరికి దుప్పటి మాత్రం ఉంది. ఒరెగానో అంతా పక్కింటి ఎర్మియోని ఆరేసిన తడి బట్టలకి అంటుకుంది. ఆవిడ మొగుడు కస్టమ్స్‌లో పెద్ద ఆఫీసరు. ఆ తెల్ల చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్తే వీధి కుక్కలన్నీ వెంటపడ్డాయట.

ఆవిడ కాళ్ళావేళ్ళా పడి దులుపుకొచ్చిన దాన్ని కాఫీ గింజలు ఆడే మరలో వేశాను. రోలు లేదు, అవును, లేదు! వెల్లుల్లీ అందులోనే ఆడాను. ఇప్పుడు మాంసం కాఫీ వాసన, కాఫీ వెల్లుల్లి వాసన. కొంచెం కమ్మగా ఉంటుందని వసిలికో వేశాక నీ తా.క. చదివాను. ఒక ముసలమ్మ ముక్క నోట్లో పెట్టుకుని, చర్చి వాసన తగిలి, శిలువ గుర్తు వేసుకుని లేచిపోయింది.

ఇంతకీ ఆ దఫ్ని ఆకు కాస్తయినా వెయ్యాలా వద్దా? ఆ పేరు కొట్లో ఎత్తాలంటేనే వణుకొస్తోంది. ఒక్క ముక్కలో చెప్పు. ఉత్తరాలొద్దు, తంతి ఇవ్వు.

జఫిరిస్

తా.క. మాంథోస్ ఇప్పుడు చెయ్యి ఊపడం మానేశాడు. పాపం అన్నట్టు తలాడిస్తున్నాడు. అది ఇంకా ఘోరం.

*

తంతి

జఫిరిస్‌కి, పిరెయాస్
జూలై 18

దఫ్నిని వదిలెయ్. లేకపోతేనే హాయి. అసిమీనా.

*

పిరెయాస్,
జూలై 19

అత్తా! అత్తా!

ఆ తంతి రాసేటప్పుడు నీ తల ఎక్కడ పెట్టుకున్నావు?

తంతి తెచ్చినవాడు తిన్నగా గల్లా దగ్గరే ఇచ్చాడు. దఫ్ని విప్పి చదివింది. మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. తన ఏప్రన్ విప్పి స్ట్రాటోస్ మామ మెడలో వేసి, "మామా, గల్లా చూసుకో" అంది.

"ఎక్కడికే?" అన్నాను.

"మీ అత్త దగ్గరికి. ఎదురుపడి తేల్చుకుంటాను. నన్ను వదిలెయ్యమనడానికి ఆవిడెవరో కనుక్కుంటాను."

"ఆకునే! వదిలెయ్యమంది ఆకుని!"

"తంతిలో కూడా ఆకు లేదు" అంది. పెట్టె ఎప్పుడు సర్దిందో ఏమో, తలుపు వెనక సిద్ధంగా ఉంది. పొద్దున్న పడవ ఎక్కేసింది. రేవు దాకా పరిగెత్తాను. పైనుంచి ఒక్కసారి చూసింది, కళ్ళజోడు పెట్టుకుంది. ఎండకో, ఏడుపు కనపడకుండానో.

జాగ్రత్త అత్తా. దానికి కోపం వస్తే మనిషి కాదు. నువ్వు ఎదురు మాట్లాడకు, నీ నోరు నాకు తెలుసు. ఎలాగైనా బతిమాలి వెనక్కి పంపించు. జూలై నెల, రేవు నిండా జనం, గల్లా ఎవరు చూస్తారు? స్ట్రాటోస్ మామ అందరికీ చిల్లర ఎక్కువిచ్చి పంపేస్తున్నాడు. గిన్నెలు ఎవరు తోముతారు? సలాడ్ ఎవరు తరుగుతారు?

నీ
దిక్కులేని జఫిరిస్

తా.క. పొడి వద్దు. ఏ పొడీ వద్దు. పడవ తాడే తిననీ అందర్నీ.

*

కాలోవాతో,
జూలై 27

నాయనా జఫిరిస్,

నీ ఉత్తరం అందేలోపే నీ పెళ్ళాం అందింది.

మధ్యాహ్నం బస్సు దిగి, పెట్టె చేత్తో పట్టుకుని రాళ్ళ దారిలో ఎక్కి వస్తుంటే కిటికీలోంచి చూశాను. తంతి ఇచ్చిన పాపం నాదే కదా, తలుపు గడియ పెట్టి పెరట్లోకి పోయాను. దాక్కోలేదు. కోళ్ళకి మేత వేస్తున్నాను.

"అసిమీనా అత్తా! ముదిరిన దఫ్ని వచ్చింది, తలుపు తియ్!" అని అరిచింది. చుట్టుపక్కల ఇళ్ళ తలుపులన్నీ తెరుచుకున్నాయి, నాది తప్ప. సరే, ఏదైతే అదయిందని వెళ్ళి తీశాను. గుమ్మం పట్టుకుని వంగిపోయి నవ్వుతోందిరా నీ పెళ్ళాం! నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు కారుతున్నాయి.

"బళ్ళో చేరిన రోజు నుంచీ అందరూ నన్ను పప్పులో వేస్తూనే ఉన్నారత్తా. నువ్వు రాసింది ఆకు గురించని మొదటి ముక్కకే తెలిసింది" అంది.

"మరి ఈ గోలంతా దేనికే?"

అప్పుడు నవ్వు ఆపింది. గడప మీద కూర్చుని చెప్పులు విప్పుకుంది. కాళ్ళు వాచి ఉన్నాయి.

"పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి వేసవీ ఆ బొగ్గుల పక్కనే గడిచింది. ఇంటి ముందే సముద్రం, కాలు తడిపి ఎరగను. ఒక్క వారం ఎక్కడికైనా పోదామంటే ఆగస్టు అయ్యాక అంటాడు. ఆగస్టు అయ్యాక వానలొస్తాయి. ఊరికే పోతే కొట్టు మధ్యలో వదిలేసి పోయిందని నన్నంటారు. మొగుడి తరఫు వాళ్ళు అవమానిస్తే పోయిందంటే, పాపం పిల్ల అంటారు" అంది. అంటూ అంటూ ఏడ్చింది. ఇది మాత్రం నిజం ఏడుపేనురా, దగ్గర కూర్చుని చూశాను.

నాకు కోపం రావాలి. ఆ రేవులో నన్ను గయ్యాళిని చేసి ఊరేగించింది కదా. ఎందుకో రాలేదు. ఈ కొండ మీద కూర్చుని కింద నీలంగా కనపడే సముద్రాన్ని చూస్తూనే నేను ముసలిదాన్నయ్యాను, దిగింది ఎన్నిసార్లని? ఎప్పుడూ ఏదో ఒక పని. నిన్న ఇద్దరం దిగాం. నల్ల గౌను మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని నీళ్ళలో నిలబడ్డాను. పాదిరి అటుగా పోతూ చూశాడు. చూడనీ.

పొడి ఇద్దరం కలిసి చేశాం. నేను నలిపాను, తను జల్లించింది. దంచుతుంటే వాసనకి పక్కింటివాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చారు. పొడి డబ్బాని పడవ కెప్టెన్ చేతికి ఇస్తున్నాను. మాంసానికి నూనె రాసి, ఆ మీద ఇది పట్టించి, కాసేపు వదిలెయ్. కాలాక నిమ్మకాయ పిండు. దీన్ని కూడా పాడుచేస్తే మాంథోస్ కొట్లో పనికి చేరిపో.

నీ ఉత్తరం నిన్న వచ్చింది, ఇద్దరం కూర్చుని చదివాం. గల్లా ఎవరు చూస్తారు, గిన్నెలు ఎవరు తోముతారు, సలాడ్ ఎవరు తరుగుతారు అని రాశావు. పెళ్ళాం లేక ఇల్లెలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. దఫ్ని ఆ కాగితం నా చేతికిచ్చేసి, లేచి కోళ్ళ దగ్గరికి పోయింది. నాకు సిగ్గేసింది. అన్న కొడుకువి, నా చేతుల్లో పెరిగినవాడివి, ఇంత మొద్దువని నాకు తెలియదు.

ఉత్తరాల్లో నీకు పొడి చెయ్యడమే నేర్పలేకపోయాను, ఇది నేర్పగలనా? కొట్టుకి తాళం వేసి రా. ఆగస్టు పదిహేను మాత పండగకి ఊరంతా కలిసి మేకలు కోస్తారు, ఆ పొయ్యి దగ్గర నువ్వు నిలబడు, దఫ్ని కూర్చుని తింటుంది. కొట్టు ఎక్కడికీ పోదు. పోతే పోనీ.

నీ మంచి కోరే
అసిమీనా అత్త

తా.క. ఇదంతా రాసి దఫ్నికి చదివి వినిపించాను. "రమ్మను అత్తా" అంది. కాళ్ళు చాపుకుని, "కానీ ముందొచ్చే పడవకి వద్దు, దాని తరవాతి పడవకి రమ్మను" అంది.