ఇరవై ఐదు లెక్కపెట్టేలోపు

నాచారం,
12-9-2013.

ఈ రోజు పనులు: నల్లా నీళ్లు పట్టాను. ఇడ్లీ పిండి రుబ్బాను. రెండు బకెట్ల బట్టలు ఉతికాను. పదకొండింటికి దవాఖానా.

రామగుండంలో ఉన్న శ్రీవారికి త్రివేణి నమస్కరించి రాయునది. నేనూ అమ్మాయీ కులాసా. మీరు వేళకు తింటున్నారని తలుస్తాను.

రేడియేషన్ పెట్టిన చోట మంట పుడుతోందా అని మీ ఉత్తరంలో అడిగారు. ఎడమ రొమ్ము మీద చర్మం కమిలింది, అంతే. ఊపిరి ఎందుకు బిగపట్టమంటున్నారనీ అడిగారు. నిండా గాలి పీల్చి ఆపితే గుండె కాస్త దూరంగా జరుగుతుందట. ఇరవై ఐదు లెక్కపెట్టేలోపు కిరణాలు పెట్టేస్తారు. గదిలో నేనొక్కదాన్నే ఉంటాను. మెషీన్ నడిపే ఉపేందర్ బయట తెర మీద నా ఊపిరి గీత చూస్తూ మైకులో చెబుతుంటాడు.

సోమవారం నుంచి, పద్దెనిమిది దగ్గర ఎవరో ఊపిరి వదులుతున్నారు. నా చెవి పక్కనే, నెమ్మదిగా, చివరిదాకా. నా ఛాతీ నిండుగానే ఉంటుంది. బయట గీత మాత్రం పడిపోతుంది. మెషీన్ ఆగిపోతుంది.

"మల్ల ఇడిసిపెట్టిన్రు అమ్మా," అన్నాడు ఉపేందర్ ఈ రోజు.

"నేను ఇడువలే బిడ్డా."

"మరి నేను ఇడిసిన్నా? గీత పడ్డది సూడున్రి." అని నవ్వి, గీత మళ్లీ చూసి నవ్వు మానేశాడు. "రేపు గూడ గిట్లనే అయితే ఊపిరి పట్టకుండనే పెడ్తమని డాక్టరమ్మ అన్నది. గుండెకు తగుల్తది. జర గట్టిగ పట్టున్రి."

ఆ ఊపిరి ఎవరిదో నాకు తెలుసు. మీ చెల్లెలు కమలకుమారి పోయిన రోజు తల దగ్గర నేనే కూర్చున్నాను. ఆమె గాలి లోపలికి పీల్చింది. వదలలేదు. వదులుతుందని పద్దెనిమిది దాకా లెక్కపెట్టాను. అప్పుడు మీరు లోపలికి వచ్చారు.

మీకు చెప్పనిది ఒకటుంది. రొమ్ములో గడ్డ సంగతి ఆమె మీకు తెలియడానికి ఏడాది ముందే నాకు చెప్పింది. నా చేయి పట్టుకుని తడిమించింది కూడా. "వదినా, అన్నకు చెప్పకు, నీ బిడ్డ మీద ఒట్టు. బతుకమ్మ అయినంక సూపిచ్చుకుంట," అంది. బతుకమ్మ అయింది. దీపావళి, ఉగాది అయ్యాయి. నేను గుర్తు చేయలేదు. ఆలస్యంగా తెలిసిందని మీరు డాక్టర్లను తిడుతుంటే చాయ్ కలుపుతూ విన్నాను. ఒట్టుకు భయపడ్డానని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి, దవాఖానాల చుట్టూ తిప్పే పని నా మీద పడుతుందని భయపడ్డాను.

ఇంతవరకు రాసి, పడుకుని, ఊపిరి పట్టి చూశాను. పద్దెనిమిది దాటింది. ఇరవై ఐదు దాకా గదిలో చప్పుడు లేదు. వదిలింది నేనే.

మీకు ఎంత కోపం వచ్చినా సరే, జవాబు రాయండి.

ఇట్లు,
మీ త్రివేణి.

మీకు చెప్పకుండా కమలకుమారికి బాకీ పడ్డ మాట: ఈ రోజుతో చెల్లు.