మామయ్య గిన్నె మీద చెయ్యి

కవాసాకి,
డిసెంబరు నెలాఖరు.

అమ్మకు కియొహారు వంగి నమస్కరించి రాయునది. ఇక్కడ నా ఒళ్లు కులాసా. మనసు మాత్రం కుతకుత ఉడుకుతోంది. అక్కడ మంచు చూరు దాకా పేరుకుందని రాశావు. నువ్వూ చెల్లీ జాగ్రత్త.

ఉన్ని బనీను వేసుకుంటున్నావా అన్నావు. వేసుకుంటున్నాను. ఆ కార్మిక సంఘం కరపత్రాలు చదవడం మానేశావా అన్నావు. మానలేదు. ఏడాది చివరి విందులో మామయ్యకు రెండు చేతులా సాకే సారా పోశావా అన్నావు. పోశానమ్మా! అందరికంటే ఎక్కువే పోశాను. విను.

ఫ్యాక్టరీలో ఆయన నీ తోడబుట్టిన అన్న కాదు, మేనేజరు. నాతో కొలిమి దగ్గర పనిచేసే తొమిజోకి ఈమధ్యనే కడుపు కోసి కుట్టారు. విందులో పాపం గిన్నె నిండుగా అలాగే ఉంచుకుని కూర్చున్నాడు. నిండు గిన్నె అంటే ఇక వద్దని అర్థం. మన ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. మామయ్యకు తెలియదా? సీసా పట్టుకుని మీదికొచ్చాడు.

"ఏరా, నేను పోస్తే నీకు గొంతు దిగదా?"

"డాక్టరు వద్దన్నాడండీ, మేనేజరు గారూ..."

"డాక్టరా నీకు జీతమిచ్చేది?"

పైవాడు పోస్తానంటే గిన్నె ఖాళీ చేసి చాపాలి కదా. తొమిజో తాగాడు, చాపాడు, మళ్లీ తాగాడు. వసారాలో నెత్తురు కక్కుకుంటే ఆసుపత్రికి మోసుకెళ్లారు. మామయ్య పళ్లు కుట్టుకుంటూ, "ఈ కాలం కుర్రాళ్లవి కడుపులా, కాగితం సంచులా?" అన్నాడు. కొందరు నవ్వారు కూడా. ఛీ!

మర్యాద అంటే కిందివాడి మెడకు కట్టిన తాడేనా? పైవాడికి పట్టదా? నేను వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులా సీసా పట్టి, నువ్వు నేర్పినట్టే పోశాను. తాగాడు. మళ్లీ పోశాను. నా వెనక కొలిమి వాళ్లంతా తలా ఒక సీసాతో వరుసకట్టారు. ఒక్కరి నోటా దురుసు మాట లేదు, అంతా వినయమే. చివరికి ఆయన గిన్నె మీద అరచెయ్యి మూశాడు.

"చాలు. చాలురా."

"మేం పోస్తే గొంతు దిగదా, మేనేజరు గారూ?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇక నీకు రాయడానికి చెయ్యాడని సంగతి. కొత్త సంవత్సరం విందులో నేను అందరి ముందూ మోకరిల్లి, ఒక గిన్నె పోసి, తప్పయిందంటే ఉద్యోగం ఉంటుందని మామయ్య కబురుచేశాడు. ముందు తొమిజో మంచం పక్కన మీరు మోకరిల్లండన్నాను. నిన్న నాచేత కంపెనీ గది ఖాళీ చేయించారు. తొమిజో అద్దెగదిలో సర్దుకున్నాను. అతను బతికాడు, రేపు ఇంటికొస్తాడు.

మామయ్య నీకు రాసే ఉంటాడు. నువ్వేం చేస్తావో నాకు తెలుసు. మంచి సాకే సీసా గుడ్డలో చుట్టుకుని, నా తరఫున ఆయన గుమ్మంలో తల వంచడానికి రైలెక్కుతావు. వద్దమ్మా. ఎక్కాలనే ఉంటే సీసా ఇంట్లో పెట్టి రా. తొమిజోకి గంజి కాచాలి. నాకు చేతకావడం లేదు.

ఇట్లు,
నీ మొండి పెద్దకొడుకు
కియొహారు