మా పడమటి గోడ మీది మొహం

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు,

పిల్లల మైదానం ఎదుట కళ్లజోళ్ల దుకాణం నడుపుకొంటూ, దాని వెనుక గదుల్లోనే భార్యతోను, ఒక్కగానొక్క కూతురితోను కాపురముంటున్న వ్యక్తి సమర్పించుకొను నాలుగవ అర్జీ.

అయ్యా,

విషయం: తమ కార్యాలయం వారు "ఆదర్శమూర్తుల పథకం" కింద మా పడమటి గోడపై వేయించిన ఫుట్‌బాల్ క్రీడాకారిణి చిత్రమును తక్షణం సున్నం వేసి చెరిపివేయుట గురించి; మరియు సదరు చిత్రంలోని మొహం సదరు క్రీడాకారిణిది కాదని, మా అమ్మాయిదని మనవి చేసుకొనుట గురించి.

ఇదే విషయమై ఇంతకుముందు మూడు అర్జీలు పెట్టుకొని ఉన్నాను. మొదటిదానికి అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. రెండవది ఆటల విభాగానికి పంపామన్నారు. మూడవది పారిశుద్ధ్య విభాగానికి వెళ్లిందట, అందులో బురద అన్న మాట ఉన్నందువల్ల. ఈసారి ఆ మాట రాకుండా రాద్దామని శతవిధాల ప్రయత్నించాను గానీ నా వల్ల కాలేదు. తమరు మన్నించి కింది అంశాలను పరిశీలించవలసిందిగా ప్రార్థన.

1. మైదానానికి ఎదురుగా కిటికీలు లేని గోడ మాదొక్కటే అయినందున, బొమ్మ వేసుకోవడానికి రెండేళ్ల కిందట తమవారు నా అనుమతి కోరగా ఇచ్చాను. సంతోషంగానే ఇచ్చాను, అబద్ధమెందుకు. జనమంతా మెరుపు అని పిలుచుకొనే ఆ క్రీడాకారిణి పేరు అప్పట్లో ఏ నోట విన్నా అదే. పెద్ద కప్పు ఆఖరి ఆటలో ఆమె గోల్ కొట్టగా, స్టేడియమంతా ఊగిపోతూ ఉండగా, ఆమె తిన్నగా రిఫరీ దగ్గరికి వెళ్లి "బంతి నా చేతికి తగిలింది, గోల్ ఇవ్వకండి" అన్నది కదా. చూపు పరీక్షకని నా దుకాణానికి వచ్చిన ఒక పెద్దాయన, గోడకున్న అక్షరాలు చదవడం మానేసి ఆ కథంతా నాకు మొదటినుంచి చెప్పాడు. బొమ్మ కింద తమ కార్యాలయం వారు రాయించిన వాక్యం కూడా దాని గురించే: "మైదానంలో నిజం, బయటా నిజం. ఈమెలా ఎదగండి."

2. చిత్రకారునికి తమ కార్యాలయం వారు ఇచ్చిన ఫోటో ఒక పత్రిక ముక్క. గోల్ కొట్టిన ఆనందంలో ఆమె నోరంతా తెరిచి అరుస్తుండగా, జుట్టు మొహమంతా కప్పేసి, ఇద్దరు ఆటగత్తెలు మెడకు వేలాడుతూ ఉండగా తీసినది. అందులో ఒక చెవి, కాస్త నుదురు, తెరిచిన నోరు తప్ప ఏమీ కనబడదు. దానికి జతపరచిన ఉత్తర్వులో "ముఖము ప్రశాంతముగాను, ఆదర్శవంతముగాను ఉండవలెను" అని ఉన్నది. ఆ చిత్రకారుడు ఎదుట మనిషి ఉంటేనే గీయగలడు. గోడ మీద సుద్దతో గళ్లు గీసుకొని, గడి గడికీ వెనక్కి తిరిగి చూసుకొంటూ గీయడం అతని పద్ధతి. పాపం రెండు రోజులు ఆ చెవి వంకే చూసి, మూడో రోజు నా దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, మీ అమ్మాయిని కాస్త నిలబడమనండి. భుజాలూ, నడుమూ తన్ని చూసి గీసుకుంటాను. మొహం తర్వాత మార్చేస్తాలెండి" అన్నాడు.

ఆ తర్వాత అన్నది రానేలేదు. ప్రారంభోత్సవానికి వచ్చిన తమరు తలెత్తి చూసి, "అచ్చం ఆవిడే!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అంతమంది ముందు కమిషనర్ గారి మాట కాదనడం ఎలాగని చిత్రకారుడు నా వంక చూశాడు, నేను నా చెప్పుల వంక చూసుకొన్నాను. మా వీధి వాళ్లకు మాత్రం సంగతి తెలుసు. ఆ రోజునుంచీ మా పిల్లను గోడమ్మాయి అని పిలిచేవారు. పిలిచినప్పుడల్లా అది ఇంత పొడుగయ్యేది.

3. మా అమ్మాయి ఆడపిల్లల జట్టులో గోల్ కీపరు. పోయిన ఏడాది ఆఖరి ఆటలో బంతి దాని చేతుల్లోంచి జారి, గీత దాటి లోపలికి వెళ్లగా, చటుక్కున వెనక్కి లాక్కొన్నది. రిఫరీ ఎక్కడో దూరాన ఉన్నాడు. గీత పక్కన జెండాతో ఉన్నవాడు దాన్ని ఎత్తలేదు. కూర్చున్న మాలో ఎవరమూ చూడలేదు. అప్పుడు మా పిల్ల లేచి, మోకాళ్లు దులుపుకొని, చెయ్యెత్తి, "లోపలికి వచ్చింది సార్. గీత దాటింది" అన్నది.

ఆ ఒక్క గోల్‌తో మావాళ్లు ఓడిపోయారు. జట్టు పిల్లలు ఏడ్చారు, ఏడుస్తూనే దీన్ని భుజాల మీద ఎక్కించుకొన్నారు. తమ కార్యాలయం వారు "మెరుపు బాటలో మన బిడ్డ" అని ప్రశంసాపత్రం ఇచ్చారు. దాని కింద సంతకం తమదే. దాన్ని నా దుకాణంలో అద్దం పైన తగిలించుకొన్నాను. కొత్త కళ్లజోడు పెట్టుకొన్న ప్రతివాళ్లూ ముందు దాన్ని చదివి చూపించాలి, తర్వాతే తమ మొహం చూసుకోవాలి. నా దుకాణంలో అదొక నియమం.

4. పోయిన నెలలో పత్రికల్లో వచ్చిన వార్త తమరికి తెలియనిది కాదు. మెరుపు గారి కారు ఒక రాత్రి కాపలా మనిషిని గుద్దేసింది. బండి నడిపింది నేను కాదు, మా డ్రైవరు అని ఆమె చెప్పింది. ఆ డ్రైవరు లాకప్పులో ఉండగా, ఏదో దుకాణం కెమెరాలో స్టీరింగ్ దగ్గర కూర్చొన్నది ఆమేనని కనబడింది. మైదానంలో చేతికి తగిలిన బంతిని ఒప్పుకొన్న మనిషి, బయట కారుకు తగిలిన మనిషిని ఒప్పుకోలేదు. ఆ కాపలా మనిషి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడట.

జనానికి కోపం రావడం న్యాయమే. నాకూ వచ్చింది. కానీ అయ్యా, ఆమె ఎక్కడో ఎత్తైన ప్రహరీ వెనుక ఉన్నది. జనానికి అందుబాటులో ఉన్నది మా గోడ. మొదట మీసాలు గీశారు. తర్వాత బురద కొట్టారు. (ఆ మాట వచ్చేసింది, క్షమించవలెను.) ఎవరో మహానుభావుడు కళ్లజోడు కూడా గీశాడు. అది మా దుకాణం ప్రకటన అనుకొని ఇద్దరు వచ్చి ఆ ఫ్రేమే కావాలన్నారు. గోడ అవతల మా పడకగది. కొట్టిన ప్రతిసారీ తల దగ్గర ధప్పుమంటుంది. నా భార్య ఉలిక్కిపడి లేచి, "పిల్ల మొహం మీద కొడుతున్నారండీ" అంటుంది. బొమ్మ మీదేలే అంటాను. "బొమ్మ ఎవరిది మరి?" అంటుంది.

5. ఈ విషయమై తమ కార్యాలయపు హెడ్ క్లర్కు గారిని కలిశాను. చాలా మంచివారు, కూర్చోమన్నారు. మా సంభాషణ కింద పొందుపరుస్తున్నాను.

"బొమ్మ ఎవరిదండీ?"

"మా అమ్మాయిది."

"రికార్డులో మెరుపు గారిదని ఉందే."

"ఒక్కసారి వచ్చి మొహం చూడండి సార్."

"మొహాలు మా సెక్షన్ కాదండీ."

ఆదర్శమూర్తిని తీసేయాలంటే ఇంకో ఆదర్శమూర్తిని పెట్టాలట, గోడ ఖాళీగా ఉండరాదని పథకంలో రాసి ఉందట. అందుకు కమిటీ కూర్చొంది. "ఏం చెప్పమంటారు, మచ్చ లేనివాళ్లు దొరకడం లేదు" అని ఆయన నాతోనే మొరపెట్టుకొన్నారు. "ఒకాయన పన్ను ఎగ్గొట్టాడు. ఒకాయన జూదం ప్రకటనలో పళ్లికిలిస్తున్నాడు. ఒకావిడ బంగారం లాంటి మనిషే గానీ, ఆవిడ జట్టు ఎప్పుడూ గెలవదు. చనిపోయినవాళ్లయితే భయం ఉండదని ఒక మెంబరు గారు అంటున్నారు." నేను ఆయనకు ధైర్యం చెప్పి వచ్చేశాను.

6. జట్టులోని పిల్లలు ఇప్పుడు మా అమ్మాయితో మాట్లాడటం లేదు. "మీ మెరుపు అబద్ధాలకోరని తేలింది. ఆవిడను చూసుకుని నిజం చెప్పి మా కప్పు పోగొట్టావు కదే" అన్నారట. నిరుడు భుజాల మీద ఎక్కించుకొన్న పిల్లలే. కోచ్ గారు గట్టిగా ఏమీ అనలేదు. "కొన్నాళ్లు ఇంటి దగ్గరుండమ్మా" అన్నారు. అది గ్లవ్స్ తెచ్చి మేకుకు తగిలించింది. తినడానికి కూర్చొన్నప్పుడు తలెత్తకుండా అడిగింది: "నాన్నా, ఆవిడే అలాంటిదైతే, నేను చెప్పిందేమవుతుంది?"

అయ్యా, మసకగా కనబడుతోందని ఎవరొచ్చినా ఒకటి కాకపోతే ఇంకొక అద్దం మార్చి చూపించి పంపుతాను. ఇన్నేళ్లలో ఒక్కరిని కూడా ఉత్త చేతులతో పంపలేదు. కన్నకూతురు అడిగితే మాత్రం "తినమ్మా, చల్లారిపోతుంది" అన్నాను. నాకు తోచింది అదొక్కటే.

"ఆఫీసుకు అన్నేసి పేజీలు రాస్తారు, పిల్లకు ఒక్క మాట చెప్పలేరా?" అని నా భార్య అడిగింది. చెప్పలేకనే తమరికి రాస్తున్నాను.

7. నిన్న సాయంత్రం మళ్లీ గుంపు చేరింది. నేను బయటికి వచ్చి వద్దు బాబూ అని బతిమాలుకొంటున్నాను. ఇంతలో మా అమ్మాయి వెనక తలుపులోంచి వచ్చి గుంపులో నిలబడింది. వాళ్లను తిడుతుందనుకొన్నాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. అది వంగి, పిడికెడు బురద తీసుకొని, నాలుగడుగులు వెనక్కి వేసి, విసిరింది. బంతిని సగం మైదానం దాటించే చెయ్యి. సరిగ్గా రెండు కళ్ల మధ్య తగిలింది.

అందరూ చప్పట్లు కొట్టారు. "అబ్బ, ఏం గురి!" అన్నాడొకడు. జట్టు పిల్ల ఒకతె చాలా రోజుల తర్వాత దాని భుజం మీద చెయ్యి వేసింది. మా పిల్ల నవ్వింది. లోపలికి వచ్చి, కుళాయి కింద చేతులు కడుక్కొంటూ అలాగే ఉండిపోయింది. వాళ్లమ్మ వెళ్లి కుళాయి కట్టేయవలసి వచ్చింది.

ఇది ఏ విభాగం కిందికి వస్తుందో నాకు తెలియదు.

కావున తమరు దయచేసి:

(అ) సదరు చిత్రమును మొహంతో సహా చెరిపించగలరు. సున్నం నేనే తెచ్చుకొంటాను, నిచ్చెన నాకున్నది, అనుమతి ఒక్కటే కావాలి.

(ఆ) తమరు ఇచ్చిన ప్రశంసాపత్రం ఇంకా చెల్లుతుందో లేదో రాతపూర్వకంగా తెలియజేయగలరు. చెల్లదంటే తిరిగి అప్పగించుకొంటాను. చెల్లుతుందని ఒక్క ముక్క రాసిచ్చినా అదే పదివేలు. మా పిల్లకు నా మాట మీద నమ్మకం పోయింది, తమ సంతకం మీద ఇంకా ఉండవచ్చు.

ఒక తండ్రి చేతగానితనాన్ని కార్యాలయ భాషలోకి మార్చగలిగినంత మార్చి పైన రాసుకొన్నాను, మిగిలింది తమరే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆ మొహం వెనుక గదిలో నిద్ర పట్టనివాడు

తా.క. అర్జీ మడిచి కవర్లో పెట్టబోతుండగా తమ పారిశుద్ధ్య విభాగం వాళ్లు సున్నం బకెట్లతో, పొడుగు బ్రష్షులతో దిగారు. నా మూడవ అర్జీ మంజూరైనదట. చేతిలో ఉత్తర్వు ఉన్నది, "గోడ మొత్తము, అర్జీదారు సమక్షమున, అతని సంతకము పొంది" అని. అందులోని అక్షరం అక్షరం నేను కోరుకొన్నదే.

కానీ అయ్యా, గోడ ముందు మా అమ్మాయి నిలబడి ఉన్నది. గ్లవ్స్ తొడుక్కొని, కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు బారజాపి.

"తప్పుకోమ్మా, ఆ దొంగదాని బొమ్మ చెరిపేస్తాం" అన్నాడు మేస్త్రీ.

"ఆవిడ పేరు చెరుపుకోండి. కింద రాసింది కూడా చెరుపుకోండి. మొహం జోలికి రావద్దు. అది నాది."

వీధిలో ఒకడు నవ్వాడు. "నిన్న బురద కొట్టింది నువ్వే కదమ్మా!"

"కొట్టాను. నేనే కడుక్కుంటాను."

అందరూ నా వంక చూశారు. ప్రారంభోత్సవం నాడు చూసినట్టే. సంతకానికి కలం తెస్తానని చెప్పి లోపలికి వచ్చి, ఆ కలంతోనే ఇది రాస్తున్నాను. నా భార్య వాళ్లను టీ ఇచ్చి కూర్చోబెట్టింది. వాళ్లు తాగేశారు. ఇంకో టీ ఇచ్చింది. మా పిల్లకు ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు, ఎంతసేపు అలా నిలబడగలదో తెలియదు. చేతులు మాత్రం ఇంకా దించలేదు.

అయ్యా, తమరికి చేతులెత్తి మొక్కుతాను. ఇన్నాళ్లూ చేసినట్టే, ఈ ఒక్కసారికి కూడా నా అర్జీ మీద ఏ చర్యా తీసుకోకండి.