రేపటి మాత్ర

ఎమ్నా తల్లీ,

తూనిస్ నుంచి లువాజ్ టాక్సీ డ్రైవర్ తెచ్చిన సంచిలో హరీసా కారం సీసా మీ అమ్మకి. కాగితం చుట్టిన ప్యాడ్ల ప్యాకెట్ నీకు. మీ నాన్నా అన్నా దాని జోలికి పోరు కాబట్టి, గర్భం రాకుండా నువ్వడిగిన మాత్ర అందులోనే దాచాను. మీ ఊరి మందుల షాపాయన రోజూ మీ నాన్నతో కాఫీ తాగే మనిషాయె, అక్కడికి వెళ్ళకపోవడమే మంచిదైంది.

ఇక్కడ డాక్టరు చీటీ అడగలేదు. కానీ షాపులో అమ్మాయి "ఎవరికి పెద్దమ్మా?" అంది. నీ పేరు నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి "నాకే" అన్నాను. నా తెల్లజుట్టు చూసి "మాషా అల్లా!" అంది. వెనకాల పక్కింటి జొహ్రా నిలబడి అంతా విన్నది. మధ్యాహ్నానికల్లా వీధిలో ఆడవాళ్ళంతా నా పెళ్ళికొడుకెవరో వెతకడం మొదలుపెట్టారు. వెతకనీ! మీ బాబాయి పోయాక నన్నింతగా పట్టించుకున్నవాళ్ళు లేరు.

పొద్దున ఫోన్లో "రేపటి మాత్ర కదా పిన్నీ, రేపు వేసుకుంటాలే" అన్నావు. నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ ఫోన్ లాక్కుని హరీసా అడిగింది. అందుకే ఈ కాగితం. పిచ్చిదానా, మర్నాడు వేసుకున్నా పనిచేస్తుందని జనం ఆ పేరు పెడితే, ఇంకా రేపటిదాకా ఆగుతారా? ఎంత తొందరగా వేసుకుంటే అంత పనిచేస్తుందట. వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే ఫోన్ చేసి "హరీసా పడలేదు" అను, ఇంకోటి పంపిస్తాను.

నీ పెళ్ళికి ఇంకా నెల ఉందని నాకూ తెలుసు. నిన్నేమీ అడగను. పేరు రేపటిదే, మింగాల్సింది మాత్రం ఇవాళే, ఇప్పుడే.

ఇట్లు,
మా వీధి కొత్త పెళ్ళికూతురు,
మీ పిన్ని