పాలు నెయ్యి నాడు తెచ్చిన కాగితం

కామసముద్రం,
మాఘ మాసం, సోమవారం

నందీశప్పా,

నా చేతి ముద్ద తిన్నవాడివి కాబట్టి ఇంకా అప్పా అనే పిలుస్తున్నాను. ఆ పిలుపు ఈ ఉత్తరంతో సరి. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే నవ్వుకో.

నిన్న నా కూతురు రత్న ఫోనులో చూపించింది. ఆదివారాలు మా పట్టుపురుగుల షెడ్డు అరుగు మీద కూర్చుని నువ్వూ మా మోహనూ చేసిన పని బయటికి వచ్చిందట. ఎక్కడెక్కడి వాళ్ళో మెచ్చుకుంటున్నారట. రాసినవాడు నందీశ్ అని ఉంది. కిందికి జరపమన్నాను. చివరిదాకా జరిపింది. నా కొడుకు పేరు యాడా లేదు.

ఆ పని ఏమిటో నాకు తెలియదనుకున్నావేమో. నేను పురుగులకు ఆకు తరుగుతుంటే వాడే చెప్పాడు. లెక్కలు దాచిపెట్టే గిడ్డంగి లాంటి ప్రోగ్రామట. ఓపెన్ సోర్సట, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. అందులో అంకె ఉంటుంది గానీ, ఆ అంకె ఏ మిషనుది, ఏ ఊరిది అని అడిగితే దానికి చెప్పడం రాదట. "మార్కెట్లో అందరి పట్టుగూళ్ళూ ఒగే కుప్పగా పోస్తే మనవి యేవో తెలుస్తాదామ్మా? అందుకే ప్రతి అంకెకీ ట్యాగులు కట్టే పని చేస్తా ఉండా," అన్నాడు. రెండేళ్ళు చేశాడు. బంగారుపేట నుంచి బెంగళూరికి రైల్లో పోతూ, సీటు దొరక్కపోతే నిలబడి కూడా చేశాడు. పోయిన వానాకాలంలో డెంగీ జ్వరం నాలుగు రోజుల్లో వాణ్ణి తీసుకుపోయింది.

మూడో రోజు సమాధి దగ్గర పాలు నెయ్యి పోసి అప్పుడే ఇల్లు చేరాం. నువ్వు సంచిలోంచి కాగితం తీసి సంతకం పెట్టమన్నావు. నా మొగుడు పోయినప్పుడు కూడా ఇదే పాలు నెయ్యి నాడు మా బావ ఓబలప్ప ఒక కాగితం మీద నా సంతకం పెట్టించుకున్నాడు. మామిడి తోట పోయింది. అందుకే నీ కాగితం నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేశాను. "వాని మీద పోసిన మట్టి ఇంగా ఆరలేదు, అప్పుడే ఎత్తుకొని పోయేదానికి వచ్చినావా?" అన్నాను. నువ్వు పోయావు. సంతకం లేకుండానే ఎత్తుకున్నావు. మా బావకైనా నా సంతకం కావలసి వచ్చింది. నీకు అదీ అక్కరలేకపోయింది.

వాడి పేరు పెట్టు. లేకపోతే మా ఊరి దారి మరిచిపో.

మోహన్‌కుమార్ తల్లి,
మునిలక్ష్మి


కామసముద్రం,
గురువారం

అప్పా నందీశా,

నీ జవాబు రత్న చదివి వినిపించింది. మూడుసార్లు చదివించుకున్నాను. రెండోసారికే అర్థమైంది. మూడోసారి, నిన్ను తిట్టడానికి ఏదైనా మిగిలి ఉంటుందేమోనని.

రాసినవాడు "నా రాత అందరూ వాడుకోవచ్చు" అని సంతకం చేసిస్తే తప్ప ఆ ప్రోగ్రాము వాళ్ళు తీసుకోరట కదా. మోహన్ అది ఇవ్వకముందే పోయాడు. వాడి తరఫున తల్లి ఇవ్వాలి. నేను పొయ్యిలో వేసిన కాగితం అదే. అది లేదు కాబట్టి వాడు రాసిన ఒక్క వరుస కూడా వద్దన్నారట. అప్పుడు నువ్వు వాడి రాత తెరిచి చూడకుండా, ఐదు నెలలు కూర్చుని, మొదటి నుంచి కొత్తగా రాశావు.

అంటే నా కొడుకు పేరు తీసేసింది నువ్వు కాదు. తోట పోయాక నేను నేర్చుకున్న తెలివి ఒక్కటే, కాగితాన్ని నమ్మకూడదని. ఆ తెలివిని తీసుకెళ్ళి వాడి మీదే చూపించాను.

ఇప్పుడైనా సంతకం పెడితే నీ పేరు తీసి వాడి పేరు పెడతానని రాశావు. "పెట్టనీలే మా, యెవురికి తెలుస్తాది," అంది రత్న. నాకు తెలుస్తుంది. రాయనిదాని మీద పేరు పెడితే అది బిచ్చం. నువ్వు రాసింది నీదే. నువ్వు పంపిన కొత్త కాగితం మీద సంతకం పెట్టాను, ఇందులో ఉంది. వాడి రాతను వాడి పేరుతో, తప్పులుంటే తప్పులతోనే, అక్కడే ఒక పక్కన ఉంచు. ఇంక దాన్ని ఎవరూ వాడరని తెలుసు. ఉంటే చాలు.

నిన్ను మెచ్చుకోవడానికి నాకింకా నోరు రావడం లేదప్పా. వాడు లేకుండా ఆ పని నడుస్తోందంటే కడుపు మండుతుంది. నీ తప్పు కాదు. అయినా మండుతుంది.

ఈ పైన ఒక వరుస కొట్టేసి ఉంది చూడు. ఇదంతా వాడి పేరు నిలబెట్టడానికే అని ఆ రోజు ఒక్క మాట ఎందుకు చెప్పలేదు అని అడగబోయాను. పక్కన కూర్చున్న రత్న నా చేయి పట్టుకుంది. చెప్పావట. వాకిట్లో ఒకసారి, మళ్ళీ చెప్పులు వేసుకుంటూ ఒకసారి. నేను అరుస్తూనే ఉన్నానట.

నీకు అమ్మలాంటిదాన్నని ఏ మొహంతో రాయను,
మునిలక్ష్మి