రెండో మనిషి

అన్నయ్యా,

ఫోన్ చేస్తే నవ్వేసి మాట మార్చేస్తావని రాస్తున్నాను.

మన వీరుడి వీడియో గేమ్‌లో రెండో మనిషికి చోటుంటే బాగుండునని నీ దగ్గర ఎంత పోరు పెట్టాను? "అది ఒంటరివాడి కథే. ఇంకొకరు దూరితే చెడిపోతుంది" అనేవాడివి. సరేనని పక్కన కూర్చున్నాను. ఆడేది నువ్వు, దారి చెప్పేది నేను. పాత్రలందరి మాటలూ గొంతు మార్చి చదివేదాన్ని. ముసలి మంత్రగత్తె వచ్చిన రోజు ఆమెలా దగ్గి దగ్గి నా గొంతు పోయింది. అప్పుడే నువ్వు వీరుడి గుర్రానికి పిచ్చుక అని నా ముద్దుపేరు పెట్టి, "ఇదిగో, నిన్నూ ఆటలోకి తీసుకున్నా" అన్నావు. పొంగిపోయాను. ఉద్యోగానికి వెళ్తూ, చివరి కోట తలుపు మాత్రం సెలవుకొచ్చాక ఇద్దరం కలిసి తీద్దామన్నావు.

ఇప్పుడు ఆ ఆటని ఇద్దరు ఆడేలా మార్చారని తెలిసి, నిన్న ఎగిరి గంతేసి తెరిచాను. మనిద్దరిదీ ఒకే అకౌంట్ కదా, నువ్వక్కడ ఆపిన చోటే నాకిక్కడ తెరుచుకుంది. కోట తలుపు బార్లా తీసి ఉంది. మన వీరుడి పక్కన ఇంకో వీరుడు, నెత్తిమీద మీ రూమ్మేట్ పేరుతో.

అమ్మకి చెబితే "ఆటకే ఇంత రాద్ధాంతమా" అంది. కథ చెడిపోతుందన్నావు, అతనొస్తే చెడలేదు. నేనొస్తేనే చెడేదన్నమాట.

లోపల ఏం జరిగిందో నాకు చెప్పకు. ఒక్క పని మాత్రం చెయ్యి. గుర్రానికి ఆ పేరు తీసెయ్యి. దానిమీద ఇప్పుడు అతనెక్కి తిరుగుతున్నాడు.

చెల్లి