గురువారం లోపు తెరవాల్సిన ఫైలు

ఫోర్ట్ పోర్టల్ సాంకేతిక కళాశాలలో కంప్యూటర్ నెట్‌వర్కులు బోధించే పెర్పెచువా కబాసింగుజి అనే నేను, రేపు కంపాలాలో గుండె ఆపరేషన్ ఉన్నందున, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తంతో రాస్తున్న వీలునామా. తెలివి సరిగానే ఉంది. మతిమరుపు సంగతి మూడో అంశంలో చెబుతాను.

1. ఇల్లు, అరటితోట, ఎర్రావు నా చెల్లెలి కూతురు కెమిగీసాకు. దీన్ని అమలు జరిపేదీ ఆమే. ఆవును అమ్మితే చచ్చినా ఊరుకోను.

2. కేబుల్ కొసలు బిగించే పట్టకారు, నా తరగతిలో అందరికంటే ఎక్కువగా చేతులు వణికే న్యాకాటోకు. బెదరకమ్మా, నాకూ వణికేవి.

3. పరీక్ష ఫైలు. పిల్లలు కంప్యూటర్లో ఉత్తుత్తి నెట్‌వర్కు కడితే, సాఫ్ట్‌వేర్ దాన్ని నేను పెట్టిన జవాబుతో పోల్చి మార్కులేస్తుంది. ఆ జవాబే తప్పు. గురువారం పరీక్ష లోపు దిద్దకపోతే, సరిగ్గా కట్టినా ముప్పై ఒక్కమందీ తప్పుతారు. దిద్దాలంటే పాస్‌వర్డు కావాలి. అది గుర్తు రావడం లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళనడిగితే "మేం తెరవలేం, కొత్తది చేసుకోండి" అన్నారు. కొత్తదానికి రెండు వారాలు పడుతుంది.

4. తప్పు మొదట పట్టింది ముగెన్యి. పద్దెనిమిదేళ్ళుగా నా పక్క బల్ల ఆయనదే. ఫిబ్రవరిలో అందరి ముందూ "మేడమ్, మీ జవాబు తప్పండీ" అన్నాడు. నా మంట తప్పన్నందుకు కాదు. మా తోరో రాజ్యంవాళ్ళం గౌరవ పేర్లతో పలకరించుకుంటాం. నేను అబ్వోలిని, ఆయన అరాలి. ఆ పేరు మింగేసి మేడమ్ అంటాడా? "నా ఫైలు మీద చెయ్యి వేసి చూడు!" అని ఆ పూటే తాళం వేశాను. అప్పట్నుంచి ఆయన పేరు నా నోట రాలేదు. నిన్న ఆస్పత్రి కాగితం వెనక లెక్క వేసి చూశాను. ఆయన చెప్పిందే నిజం.

5. కారొచ్చింది. డ్రైవరు "అబ్వోలీ, వానొస్తోంది, తెమలండి!" అని కేకలు. నా పాస్‌వర్డులన్నీ ఒక గౌరవ పేరు, పక్కన ఆ సంవత్సరం. మాకున్న పేర్లు పన్నెండే. రాజుగారికి మాత్రమే చెల్లేదానితో సహా పదకొండు కొట్టాను. ఒక్కటీ పనిచేయలేదు. మిగిలింది ఆయనదే. అంత కోపంలో ఇంకెవరు గుర్తొస్తారు?

6. తెరుచుకుంది. తప్పు నేను దిద్దడం లేదు. పాస్‌వర్డు, నా బల్ల, దిద్దే హక్కు ముగెన్యికి రాసిస్తున్నాను. కెమిగీసా, నా చావు కోసం ఆగకుండా ఇవాళే ఇవ్వు. ఇచ్చేటప్పుడు "అరాలీ" అని పిలువు, నా మాటగా. నేను బతికొస్తే పై అంశాలేవీ చెల్లవు. ఇది మాత్రం చెల్లుతుంది.

14 మే 2024, మంగళవారం.

సంతకం: పెర్పెచువా కబాసింగుజి, అబ్వోలి

సాక్షులు: తిబెందా (డ్రైవరు, తొందరపడుతూ); న్యమాయార్వో (పొరుగింటావిడ)